కొలత తెలిసిన కంచం

తిండి గురించి లెక్కలు మొదలుపెడితే మన ఇళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. పెద్దవాళ్లు "మా తాతలు ఏ లెక్కలు చూసి తిన్నారు? రాళ్లు తిని అరిగించుకున్నారు" అని కొట్టిపారేస్తారు. కుర్రాళ్లు ఫోన్లో యాప్ పెట్టుకుని, తిన్న ప్రతి ఇడ్లీకీ ప్రొటీన్ లెక్కగట్టి, సాయంత్రానికి కొన్ని గ్రాములు తగ్గాయని కంగారుపడి పొడి డబ్బా కొనేస్తారు. ఒకరికి అంకె అంటే చులకన, ఇంకొకరికి అంకె అంటే భయం. ఆ అంకె ఎక్కడ పుట్టిందో, ఎందుకు పుట్టిందో ఇద్దరికీ తెలియదు.

ఈ అధ్యాయం పూర్తయ్యేసరికి మీకు మూడు పనులు చేతనవ్వాలి. పోషకాల పట్టికలోని అంకెను సరిగ్గా చదవడం, దాన్ని మీ ఒంటికి సరిపెట్టుకోవడం, చివరగా దాన్ని నెల సరుకుల చీటీలోకి తీసుకురావడం. ఈ మూడూ వస్తే యాప్ అక్కర్లేదు, డబ్బా అంతకంటే అక్కర్లేదు.

తాతలు నిజంగా ఏం తిన్నారు?

ముందు పెద్దల మాట చూద్దాం. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే నేటి కోస్తా ఆంధ్రలో, బెరిబెరి జబ్బు పాతుకుపోయి ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కేవి, నడక తడబడేది, ముదిరితే ఒళ్లు వాచి గుండె ఆగేది. కారణం మిల్లులో తెల్లగా పట్టించిన పచ్చి బియ్యం. గింజ పైపొరలో ఉండే థయామిన్ అనే విటమిన్ తవుడుతో పోయేది. మిగిలిన కాస్తా బియ్యం కడిగిన నీళ్లలో, వార్చిన గంజిలో పోయేది. అదే మద్రాసు రాష్ట్రంలో ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో ఈ జబ్బు అరుదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు పైపొరలోని థయామిన్ గింజ లోపలికి దిగుతుంది కాబట్టి, ఆ తర్వాత మిల్లుకు వేసినా అంత నష్టం ఉండదు.

ఈ జబ్బు అంతు చూడడానికే 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడి ఆధ్వర్యంలో ఒక చిన్న బెరిబెరి పరిశోధన విభాగం మొదలైంది. అదే పెరిగి పెద్దదై, 1950ల చివర్లో హైదరాబాద్ చేరి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మార్చుకుంది. తార్నాకలో మనం ఎన్‌ఐఎన్ అని పిలిచే సంస్థ అదే.

తెలంగాణ వైపు కథ వేరు. జొన్న తప్ప మరొకటి దొరకని కూలీల్లో పెల్లాగ్రా కనిపించేది. మెడ చుట్టూ, చేతుల మీద, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగిలేది. విరేచనాలు పట్టుకునేవి, ముదిరితే మతి చలించేది. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువని, అది నియాసిన్ విటమిన్‌కు సంబంధించిన పనిని చెడగొడుతోందని హైదరాబాద్ సంస్థ పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా 1960లో ప్రతిపాదించారు. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. పప్పు, కూర, మజ్జిగ లేకుండా ఏళ్ల తరబడి జొన్నే తినడం చెడ్డది. తిండిలో రకాలు పెరిగేకొద్దీ ఆ జబ్బు వెనక్కి తగ్గింది.

కాబట్టి తాతలు రాళ్లు తిని అరిగించుకోలేదు. చాలామంది జబ్బు పడ్డారు. ఆ జబ్బుల్లోంచే ఈ లెక్కలు పుట్టాయి.

ఒకే తిండి, రెండు జబ్బులు

ఇప్పుడు కుర్రాళ్ల భయం సంగతి. ప్రొటీన్ గురించి ఇంత ఆరాటం మనతో మొదలవలేదు. 1950ల నుంచి ప్రపంచమంతా "ప్రొటీన్ కొరత" అనే మాటతో ఊగిపోయింది. పేద దేశాల పిల్లలకు ప్రొటీన్ చాలడం లేదని, పాలపొడి, చేపపొడి, నూనె తీసిన గింజల పిండి పంపాలని పెద్ద పెద్ద ప్రణాళికలు వేశారు. ప్రొటీన్ సంక్షోభం ముంచుకొస్తోందని ఐక్యరాజ్యసమితి 1968లో నివేదిక కూడా వేసింది.

అదే కాలంలో హైదరాబాద్ సంస్థకు డైరెక్టరుగా ఉన్న గోపాలన్ ఊళ్లలో పిల్లలు ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో కొలిపించారు. 1918లో సేలంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన మనిషి ఆయన. అప్పటి పాఠ్యపుస్తకాల ప్రకారం కాళ్లూ ముఖమూ వాచే క్వాషియోర్కర్ ప్రొటీన్ లేక వచ్చేది, ఎముకలు తేలిపోయే మరాస్మస్ మొత్తం తిండే చాలక వచ్చేది. గోపాలన్ కొలతల్లో మాత్రం ఈ రెండు జబ్బుల పిల్లలూ ఒకే రకం తిండి తింటున్నారు. ఆ తిండిలో ప్రొటీన్ వాటా మరీ తక్కువేం కాదు. తక్కువైంది తిండి మొత్తం. కేలరీలు చాలనప్పుడు ఒళ్లు తిన్న ప్రొటీన్‌ను కూడా ఇంధనంగా కాల్చేస్తుంది. ఇంట్లో వండే ఆ గింజలూ పప్పులే పిల్లలకు కడుపునిండా పెడితే ప్రొటీన్ సమస్య చాలావరకు దానంతట అదే తీరుతుందని ఆయన వాదించారు.

1973లో ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ నిపుణులు ప్రొటీన్ అవసరాన్ని తిరిగి లెక్కగట్టి తగ్గించారు. కాగితం మీద అంకె మారగానే కొండంత కనిపించిన కొరత కూడా కరిగిపోయింది. 1974లో లాన్సెట్ వైద్య పత్రికలో పోషకాహార నిపుణుడు డొనాల్డ్ మెక్‌లారెన్ ఆ వ్యవహారమంతటినీ ఘోర వైఫల్యంగా ఎండగట్టాడు. ఒక అంకెను తప్పుగా చదివితే దేశాలే దారి తప్పుతాయి. జిమ్ బయట డబ్బా కొనే కుర్రాడిని ఏం అంటాం?

అంకె ఎలా పుడుతుంది?

మన దేశంలో పోషకాల సిఫారసులు మొదటిసారి 1944లో వచ్చాయి. తర్వాత పలుమార్లు మార్చారు. 1968 నాటి సిఫారసుల పుస్తకం గోపాలన్, బి.ఎస్. నరసింగరావు కలిసి రాసిందే. ఇప్పుడు అమల్లో ఉన్నది 2020 నాటి పట్టిక. అందులో ప్రతి పోషకానికీ రెండు అంకెలు ఉంటాయి. వాటి తేడా తెలుసుకోవడమే ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని.

మొదటిది సగటు అవసరం, ఈఏఆర్. ఆరోగ్యంగా ఉన్న వందమందిని తీసుకుంటే దాదాపు సగం మందికి ఆ మోతాదు చాలుతుంది, సగం మందికి చాలదు. రెండోది సిఫారసు మోతాదు, ఆర్‌డీఏ. వందలో తొంభై ఏడుగురికి పైగా సరిపోయేలా సగటు మీద కొంత కలిపి దీన్ని తేలుస్తారు. పెళ్లి వంట మేస్త్రి చివరి బంతికి కూడా కూర తక్కువ పడకూడదని నాలుగు గరిటెలు ఎక్కువే వండుతాడు. ఆర్‌డీఏ అలాంటి వంట. ప్రతి అతిథీ ఆ నాలుగు గరిటెలూ తినాలని కాదు.

ప్రొటీన్‌నే చూడండి. 2020 పట్టిక ప్రకారం పెద్దవాళ్లకు సగటు అవసరం కిలో బరువుకు 0.66 గ్రాములు, సిఫారసు 0.83 గ్రాములు. 65 కిలోల మగవాడికి సిఫారసు 54 గ్రాములు, 55 కిలోల ఆడమనిషికి 46. ఒకరోజు ఆ మగవాడు 48 గ్రాములే తిన్నాడనుకోండి. సిఫారసుకు తగ్గాడు, సగటు అవసరాన్ని మాత్రం దాటాడు. యాప్‌లో ఎర్రగీత వస్తుంది, ఒంట్లో మాత్రం కొంప మునగదు. ఒంటికి కావలసింది కొన్ని రోజుల సగటు. ఏ పూటకాపూట పరీక్ష పెట్టుకోనక్కర్లేదు.

ఈ అంకెలు శిలాశాసనాలు కావు. 2010 పట్టికలో పెద్దవాళ్లకు కాల్షియం 600 మిల్లీగ్రాములు ఉండేది, 2020లో 1000 అయింది. ఆడవాళ్లకు ఇనుము 21 నుంచి 29 మిల్లీగ్రాములకు పెరిగింది. పరిశోధన ముందుకు నడిచే కొద్దీ అంకె సవరించుకుంటుంది. అందుకే అంకెను బట్టీపట్టకండి, దాన్ని వాడే పద్ధతి నేర్చుకోండి.

ఒక రోజు కంచాన్ని విప్పి చూద్దాం

55 కిలోల బరువున్న ఒక గృహిణి రోజంతా తినే తిండి ఇలా ఉందనుకుందాం: టిఫిన్‌తో కలిపి బియ్యం 400 గ్రాములు, పప్పు 25 గ్రాములు, కూరగాయలు 100 గ్రాములు, పాలూ పెరుగూ కలిపి 150 మిల్లీలీటర్లు. అన్నీ వండక ముందు తూకాలే. మన ఊళ్లలో చాలా ఇళ్ల కంచం ఇంచుమించు ఇదే.

బియ్యంలో నూటికి 8 పాళ్లు ప్రొటీన్ ఉంటుంది. అంటే 32 గ్రాములు. పప్పులో నూటికి 22 పాళ్లు, కాబట్టి ఐదున్నర గ్రాములు. పాలు, పెరుగుల నుంచి ఐదు, కూరగాయల నుంచి రెండు. మొత్తం 44 గ్రాములు దాటింది. కావలసింది 46. "ఆహా, దాదాపు సరిపోయిందే" అనిపిస్తుంది. ఇక్కడే ఆగి చూడాలి. వచ్చిన ప్రొటీన్‌లో దాదాపు నాలుగింట మూడొంతులు బియ్యానిదే. బియ్యపు ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పులో లైసిన్ పుష్కలం, కానీ మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువ. రెండూ తగిన పాళ్లలో కలిస్తేనే ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. పప్పన్నం కనిపెట్టినవాళ్లు తెలివైనవాళ్లే, కంచంలో పప్పు చెంచాడైపోయింది, అంతే. ఇలా గింజల మీదే ఆధారపడే కంచానికి కిలోకు 0.83 చాలదు, ఒక గ్రాము కావాలని 2020 పట్టికే చెబుతుంది. అంటే ఈమెకు కావలసింది 55 గ్రాములు. పైగా బియ్యం ఒక్కదాని నుంచే 1400 కేలరీలు వచ్చేశాయి. కూర్చుని చేసే పనులున్న ఆడమనిషికి రోజంతటికీ సిఫారసు 1660.

ఇప్పుడు కంచాన్ని సర్దుదాం. 2024లో ఎన్‌ఐఎన్ విడుదల చేసిన ఆహార సూత్రాల్లో 2000 కేలరీల కంచం ఇలా ఉంది:

- బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు
- పప్పులు, లేదా వాటి బదులు గుడ్డు, చేప, మాంసం 85 గ్రాములు
- ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు
- పండ్లు 100 గ్రాములు
- పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు
- పల్లీలు, నువ్వులు వంటివి 35 గ్రాములు
- నూనె, నెయ్యి 27 గ్రాములు

ఈ కంచంలో ధాన్యం నుంచి 20 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. పప్పు నుంచి 19, పాలు పెరుగుల నుంచి 9, పల్లీల నుంచి 8, కూరల నుంచి 7. మొత్తం 63. 65 కిలోల మగవాడికి కూడా మిగులే. పైన చెప్పిన గృహిణి ఇదే పాళ్లలో కాస్త తగ్గించి తింటే చాలు. ఇందులో డబ్బా లేదు, విదేశీ గింజ లేదు. మారిందల్లా పాళ్లు. ధాన్యం, పప్పు, పాలు 3:1:2.5 పాళ్లలో ఉంటే ప్రొటీన్ నాణ్యత బాగుంటుందని 2020 పట్టిక సూచించింది. ఈ ఒక్క నిష్పత్తి గుర్తుంటే మిగతా లెక్కలు మరిచిపోయినా ఫరవాలేదు.

కాల్షియం కూడా ఇలాగే కూడబెట్టుకోవచ్చు. 300 మిల్లీలీటర్ల పాలలో సుమారు 360 మిల్లీగ్రాములు, 100 గ్రాముల తోటకూరలో 300, రోజూ తినే ధాన్యంలో 50 గ్రాములు రాగులైతే 170, చెంచాడు నువ్వుల పొడిలో 100. వెయ్యికి చేరువైంది. పాలకూరను మాత్రం ఈ లెక్కలో నమ్ముకోకండి. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచేస్తాయి.

తిన్నది వేరు, ఒంటికి పట్టింది వేరు

పట్టికలో ఆడవాళ్లకు ఇనుము 29 మిల్లీగ్రాములు, మగవాళ్లకు 19 అని చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. నెలసరిలో పోయే రక్తం ఒక కారణం. అంకెలు ఇంత పెద్దగా ఉండడానికి ఇంకో కారణం మన తిండే. గింజల్లో ఉండే ఫైటేట్లు, టీలోని టానిన్లు ఇనుమును పేగుల్లోనే పట్టేసుకుంటాయి. ధాన్యం ఎక్కువగా ఉన్న భోజనంలోని ఇనుములో పదోవంతు కూడా ఒంటికి పట్టదు. మన భోజనాల్లోని ఇనుము ఎంతమేర ఒంటికి అందుతుందో ప్రయోగశాలలోనే అంచనా వేసే పద్ధతిని నరసింగరావు బృందం హైదరాబాద్‌లోనే తయారుచేసింది.

ఇందులోంచి మీరు తీసుకోవాల్సిన అలవాట్లు నాలుగు.

1. టిఫిన్ పూర్తవగానే టీ, భోజనం కాగానే కాఫీ మానండి. కనీసం గంట ఆగండి. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఇనుము పెంచుకునే మార్గం ఇది.
2. భోజనంతో పాటు విటమిన్ సి ఉండాలి. పప్పులో నిమ్మరసం పిండండి, కానీ పొయ్యి మీద నుంచి దించాక. లేదా భోజనం చివర జామపండు తినండి. ఒక చిన్న జామపండు రోజుకు కావలసిన విటమిన్ సి మొత్తం ఇచ్చేస్తుంది.
3. బియ్యాన్ని పదిసార్లు కడగకండి. గంజి వార్చే అలవాటుంటే ఆ గంజిని చారులోనో మజ్జిగలోనో వాడండి. కోస్తా జిల్లాలకు బెరిబెరి నేర్పిన పాఠం అదే.
4. పెసలు, శనగలు మొలకెత్తించండి, పిండి పులియబెట్టండి. నానబెట్టినా, మొలకెత్తినా, పులిసినా ఫైటేట్లు తగ్గుతాయి.

గర్భిణులకు ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలను "తోటకూర తింటున్నాగా" అని మానేయకూడదు. అప్పటి అవసరం కంచానికి మించింది. బొత్తిగా పాలు, గుడ్డు, చేప, మాంసం ముట్టనివాళ్లకు విటమిన్ బి12 తిండి నుంచి దాదాపు అందదు, డాక్టరు సలహా తీసుకోవాల్సిందే. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ప్రొటీన్ లెక్కను సొంతంగా వేసుకోకూడదు. ఈ పట్టికలన్నీ ఆరోగ్యవంతుల కోసం వేసినవి.

సరుకుల చీటీ పరీక్ష

రోజూ తూకం వేసుకుని తినడం ఎవరి వల్లా కాదు, అవసరమూ లేదు. నెల సరుకులు చాలు, మీ ఇంటి కంచం గురించి అవే నిజం చెబుతాయి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి పై కంచాన్ని 30 రోజులకు హెచ్చిస్తే వచ్చే లెక్క ఇది:

- బియ్యం, రవ్వ, గోధుమపిండి, చిరుధాన్యాలు కలిపి: 30 కిలోలు
- కందిపప్పు, పెసరపప్పు, మినపప్పు, శనగలు అన్నీ కలిపి: 10 కిలోలు
- పల్లీలు, నువ్వులు వంటివి: 4 కిలోలు
- నూనె, నెయ్యి: 3 కిలోలకు కాస్త పైన
- పాలు: 36 లీటర్లు
- కూరగాయలు, ఆకుకూరలు: 48 కిలోలు
- ఉప్పు: ఒక్కొక్కరికి రోజుకు 5 గ్రాముల చొప్పున 600 గ్రాములు

పోయిన నెల బిల్లు తీసి దీని పక్కన పెట్టండి. గుడ్లు, చేపలు, మాంసం తినేవాళ్లు పప్పుల లెక్కను ఆ మేరకు తగ్గించుకోవచ్చు. బయట తిన్న భోజనాలు, చుట్టాల రాకపోకలు కూడా చూసుకోండి. అంతా సర్దిన తర్వాత కూడా బియ్యం 45 కిలోలు, పప్పులు 4 కిలోలు, నూనె 6 కిలోలు కనిపిస్తే మీ ఇంటి సమస్య ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఉప్పు దగ్గర మరో జాగ్రత్త: ఆవకాయ, అప్పడాలు, మిక్చరులో ఉన్న ఉప్పు కూడా ఆ 600లోనే ఉంది.

ఒకేసారి అన్నీ మార్చకండి. మొదటి నెల బియ్యం 5 కిలోలు తగ్గించి ఆ డబ్బుతో పప్పులు పెంచండి. కందిపప్పు ఖరీదనిపిస్తే శనగలు, ఉలవలు, బొబ్బర్లు ఉన్నాయి. రెండో నెల బిస్కెట్లు, చిప్సు మానేసి పల్లీలు రాయండి. మూడో నెల ఆకుకూర రోజూ ఉండేలా చూడండి.

మరి ఆ పొడి డబ్బా?

పోషకాహార లోపంతో చిక్కిపోయిన పిల్లల కోసం ఎన్‌ఐఎన్ తయారుచేసిన పొడి ఒకటుంది. పేరు హైదరాబాద్ మిక్స్. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. పొడి కొట్టి కలపడమే. ఈ 86 గ్రాముల్లో సుమారు 330 కేలరీలు, 11 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. అలా చిక్కిపోయిన పిల్లల్ని తిరిగి నిలబెట్టడానికి దేశంలోని పెద్ద పరిశోధన సంస్థ వాడినవి మీ వంటింటి డబ్బాల్లో ఉన్న సరుకులే. ఆరోగ్యంగా ఉండి, మూడు పూటలా తింటూ, ఆఫీసుకు వెళ్లొచ్చే మనిషికి అంతకంటే ఖరీదైనది ఎందుకు?

నూరేళ్లు నిండిన తర్వాత 2019లో కన్నుమూసిన గోపాలన్ మాత్రలూ పొడుల కన్నా పొలంలో పండేదాన్నీ ఇంట్లో వండేదాన్నీ నమ్మారు. ఆయన కొలిచి చెప్పింది మీరు కొనేటప్పుడు పాటిస్తే చాలు. వచ్చే నెల సరుకుల చీటీ మీరే రాయండి. మొదటి వరసలో పప్పులు రాయండి, బియ్యం ఆ తర్వాత.